వారం సంచిలో బియ్యం పెట్టకండి

కొత్తిమీర కట్ట దగ్గర ఐదు రూపాయలకి బేరమాడతాం. అదే కట్టని శుక్రవారం ఫ్రిజ్ అడుగు అరలోంచి నల్లటి జిగురుముద్దగా తీసి చెత్తబుట్టలో వేస్తాం. బేరంలో మిగిలిందీ బుట్టలో పోయిందీ ఒకే ఖాతాలోవే అయినా, మొదటిది గుర్తుంటుంది, రెండోది గుర్తుండదు. గుమ్మడికాయలు పోయే చోట ఆవగింజలు ఏరడం అంటే ఇదే. వారం బడ్జెట్ గురించి ఎవరు రాసినా ధరల దగ్గరే మొదలుపెట్టి ధరల దగ్గరే ఆపుతారు. నా వాదన వేరు. చాలా ఇళ్ళలో వారం లెక్క తప్పేది ధర వల్ల కాదు, ఆ లెక్కలో ఉండకూడని సరుకు ఉండటం వల్ల.

వారం డబ్బు అంటే కుళ్ళే సరుకు డబ్బు. కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళు, గుడ్లు, మాంసం, చేప. అంతే. బియ్యం, నూనె, పప్పు నెల సరుకు. చింతపండు, ఎండుమిర్చి, పసుపు ఏడాది సరుకు. ఈ మూడింటినీ ఒకే పర్సులోంచి తీస్తే ఏ లెక్కా తేలదు. బియ్యం బస్తా దిగిన వారం ఖర్చు మూడు వేలు దాటుతుంది. మరుసటి వారం పన్నెండు వందలే అవుతుంది. మొదటి వారం “అయ్యో ఎక్కువైంది” అని పళ్ళు మానేస్తారు, రెండో వారం “మిగిలిందిగా” అని ఐస్‌క్రీం తెస్తారు. నిజానికి మొదటి వారం ఎక్కువ కాలేదు, రెండో వారం మిగల్లేదు. బస్తా ఎప్పుడు దిగిందన్నదే తేడా.

ముందు ఏడాది సరుకు సంగతి. పాతకాలం ఇళ్ళలో ఇది ఒక పద్ధతిగా సాగేది. ఇప్పుడు రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో అంత సరుకు పెట్టే చోటు లేదు, ఒకేసారి అంత డబ్బూ ఉండదు. కాబట్టి అన్నీ వద్దు, నాలుగే చాలు: చింతపండు, ఎండుమిర్చి, పసుపు, ఆవకాయ. కొత్త చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు వస్తుంది. మిర్చి గుంటూరు యార్డుకి పోటెత్తేదీ ఇంచుమించు ఆ నెలల్లోనే. పసుపు నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లకి వచ్చే కాలమూ అదే. ఆవకాయ కాయ వేసవిలో దిగుతుంది. అంటే ఏడాది ఖర్చంతా శివరాత్రికీ రోహిణి కార్తెకీ మధ్య వచ్చి పడుతుంది. ఆ డబ్బు నెలనెలా విడిగా దాచకపోతే ఆ మూడు నెలల్లో వారం బడ్జెట్ కుప్పకూలుతుంది. లేదా, ఎక్కువమంది చేసేది, ఏడాది పొడుగునా పావుకిలో ప్యాకెట్లు కొంటూ పోవడం.

నలుగురున్న ఇంటికి ఏడాదికి నాలుగైదు కిలోల చింతపండు, మూడు కిలోల మిర్చి, అరకిలో నుంచి కిలో పసుపు సరిపోతాయి. చింతపండుకి గింజలూ ఈనెలూ తీసేయాలి. ఒక పూట ఎండ చూపించి, గుప్పెడు రాతి ఉప్పు కలిపి, జాడీలో గాలి ఆడకుండా నొక్కి పెట్టాలి. స్టీలు డబ్బా వద్దు, పులుపు దాన్ని ఊరికే ఉండనివ్వదు. ఏడాది చివరికి రంగు ముదురుతుంది, పులుసు నల్లగా కనిపిస్తుంది, పులుపుకి ఢోకా లేదు. కందిపప్పు కూడా ఏడాదికి సరిపడా కొనమనే పెద్దలుంటారు. కొత్త పంట మార్కెట్‌కి వచ్చే జనవరి, ఫిబ్రవరి, మార్చిలో ధర దిగే మాట నిజమే కానీ, వానాకాలం తేమకి ఫ్లాట్‌లో పప్పు పురుగు పట్టడం అంతకంటే నిజం. మార్చిలో నాలుగు నెలలకి సరిపడా కొని, బాగా ఎండబెట్టి, కాస్త ఆముదం పట్టించి పెట్టుకోవడమే దీనికి హద్దు. అంతకు మించితే ధరలో మిగిలింది పురుగుకి పోతుంది.

ఇక నెల సరుకు. ఇక్కడ అందరూ చేసే తప్పు “నెలకి ఎంత పడుతుంది?” అని ఊహించి లిస్టు రాయడం. ఊహ అక్కర్లేదు. బియ్యం బస్తా విప్పిన రోజు తేదీని బియ్యం డబ్బా మూత మీద మార్కర్‌తో రాయండి. ఖాళీ అయిన రోజు ఇంకో తేదీ. 26 కిలోల బస్తా 36 రోజులు వస్తే రోజుకి సుమారు 720 గ్రాములు, నలుగురున్న ఇంట్లో మనిషికి 180. రెండు బస్తాలు ఇలా చూస్తే ఆ ఇంటి లెక్క తేలిపోతుంది. నూనెకీ, గోధుమపిండికీ, పంచదారకీ ఇదే పని. మూడు నెలల్లో లిస్టు దానంతటదే తయారవుతుంది, అంచనా అనే మాటే ఉండదు.

బస్తా 26 కిలోలే ఎందుకంటారా? 2022 జులై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండ్లు 25 కిలోల లోపు ఉంటే 5 శాతం జీఎస్టీ వచ్చింది. 25 దాటితే లేదు. దాంతో మిల్లులు బస్తాలో ఇంకో కిలో పోశాయి. కాబట్టి రెండు దుకాణాల ధరలు పోల్చేటప్పుడు బస్తా ధర చూడకండి, 26తో భాగించండి. పది కిలోల సంచి బస్తా కంటే కిలోకి ఎందుకు ఎక్కువ పడుతుందో కూడా ఇందులోంచే కొంత అర్థమవుతుంది.

నూనె దగ్గర మోసం అనలేం గానీ తికమక ఉంది. లీటరు నూనె కిలో కాదు, సుమారు 910 గ్రాములు. 15 కిలోల డబ్బాలో పదహారున్నర లీటర్లు వస్తాయి, 15 లీటర్ల డబ్బాలో 13 కిలోల 650 గ్రాములే. రెండు డబ్బాలూ పక్కపక్కన ఒకేలా ఉంటాయి, ధరలో వంద తేడా చూసి చిన్నది తెచ్చుకుంటాం. పౌచ్‌లలో కూడా కొన్ని 910 గ్రాముల కంటే తక్కువ ఉంటున్నాయి. ప్యాకెట్ వెనక ఎమ్మార్పీ పక్కనే చిన్న అక్షరాల్లో గ్రాముకో, మిల్లీలీటరుకో, కిలోకో ఎంత పడుతుందో ముద్రించి ఉంటుంది. ముందువైపు ఆఫర్ కాగితం కాదు, చదవాల్సింది అది. బిస్కెట్లు, టీ పొడి, సబ్బులు అన్నిటికీ అంతే. పాత ధరకే బరువు తగ్గించి అమ్మే సరుకు ఆ ఒక్క అంకె దగ్గర దొరికిపోతుంది.

ఎంత నూనె వాడాలి అన్నదానికి ఒక కొలత ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2,000 కేలరీలు తినే మనిషికి రోజుకి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. నలుగురికి నెలకి మూడున్నర లీటర్లు. లిస్టులో ఆరు లీటర్లు ఉంటే అది బడ్జెట్ సమస్యే కాదు, డాక్టరు దగ్గర తేలే సమస్య కూడా.

నెల సరుకులో డబ్బు వృథా అయ్యేది చాలావరకు రవ్వ, పిండి, సేమ్యా దగ్గర. వారానికి ఒకసారి ఉప్మా తినే ఇల్లు రెండు కిలోల బొంబాయి రవ్వ కొంటే మూడో నెలకి దారాలు కడుతుంది. రవ్వ తెచ్చిన రోజే మంట తగ్గించి వట్టి మూకుడులో వేడెక్కేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోయాలి. వేడిగా మూత పెడితే ఆవిరి పట్టి ఇంకా తొందరగా పాడవుతుంది. పాత రవ్వ మీద కొత్త రవ్వ పోయడమూ అంతే తప్పు. అడుగున ఉన్న పురుగు పైకి పాకుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. ఉదాహరణకి హైదరాబాద్‌లో నలుగురున్న ఇల్లు, ఇద్దరు బడిపిల్లలు, ఇంటి తిండికి నెలకి 16,000 అనుకుందాం. ఇందులో ఏడాది సరుకుకి 1,200 పక్కన పెట్టాలి. పండగలకి 800. సంక్రాంతి అరిసెల బెల్లం, శ్రావణమాసం పళ్ళూ కొబ్బరికాయలూ, దసరా పిండివంటల నూనె, రంజాన్ నెల ఖర్జూరాలు, ఇవన్నీ “ఈ వారం కొంచెం ఎక్కువైంది” అనే మాట చాటున దాక్కుంటాయి. కానీ పండగలు చెప్పకుండా వచ్చేవి కావు, క్యాలెండర్‌లో ఉన్నవే. నెల సరుకుకి 4,800. పాలకి 2,700, అంటే రోజుకి మూడు అరలీటరు ప్యాకెట్లు. మిగిలింది 6,500. ఇది వారం సంచి డబ్బు.

ఈ 6,500ని నాలుగుతో భాగిస్తే 1,625. ఇక్కడే కాలు జారేది. నెల అంటే నాలుగు వారాలు కాదు. ఏడాదికి వారాలు 52, నాలుగేసి చొప్పున పన్నెండు నెలలకి 48. మిగిలిన నాలుగు వారాల తిండి ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే 29, 30, 31 తేదీల్లో ప్రతి ఇంట్లోనూ “ఏమిటో ఈ నెల చాలలేదు” అనుకుంటారు. లెక్క ఇలా వేయాలి: 6,500ని 12తో గుణించి 52తో భాగించాలి. సరిగ్గా 1,500 వస్తుంది. వారానికి 125 తేడా చిన్నదే, కానీ ఏడాదికి అది 6,500. ఒక నెల కూరగాయల డబ్బు మొత్తం.

ఈ 1,500లో ఏమొస్తాయి? ధరలు ఊరుని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి గుండ్రంగా చెబుతాను. కూరగాయలూ ఆకుకూరలూ 600, పళ్ళు 300, గుడ్లు ఒక ట్రే 200, చికెన్ కిలో 250, చేతిలో 150. ఈ చివరి 150 మిగులు కాదు, టమాటా ధర ఎగిరినప్పుడు కాచుకునే డబ్బు. మాంసం తినని ఇల్లయితే ఆ 450లో కొంత పెరుగుకీ పనీర్‌కీ, కొంత వేరుశనగలకీ పోతుంది.

కూరగాయలు ఎన్ని కొనాలి అనేది తెలియకే సగం కుళ్ళుతాయి. ఇంటర్నెట్‌లో దొరికే “ఏడు రోజుల మీల్ ప్లాన్”లు మన ఇళ్ళకి కుదరవు. సోమవారం రాజ్మా, మంగళవారం పాస్తా అని రాసుకుంటే బుధవారానికే తప్పుతుంది. మనకి ఆ ప్లాన్ అక్కర్లేదు కూడా. పప్పు, కూర, పులుసో చారో, పచ్చడి, పెరుగు అనే భోజనమే ఒక ప్లాన్. ఏ రోజు ఏది వండాలో రాసుకోనవసరం లేదు, ఏ రకం ఎన్నిసార్లు వండుతామో లెక్కపెడితే చాలు.

వారానికి పద్నాలుగు పూటలు. రెండు రాత్రులు దోసెలు లేదా ఉప్మా. ఆదివారం చికెన్ రెండు పూటలు. ఒక పూట కోడిగుడ్డు పులుసు. మిగిలిన తొమ్మిది పూటల్లో పొద్దున వండిన పప్పే రాత్రికీ ఉంటుంది, పిల్లల డబ్బాలకి మాత్రం వేపుడు విడిగా కావాలి. అలా చూస్తే వారానికి ఐదు వేపుళ్ళు లేదా కూరలు, ఐదు పప్పులు, రెండు పులుసులు, ఒక రోటి పచ్చడి. నలుగురికి ఒక వేపుడుకి ముప్పావుకిలో. బెండ, దొండ వేగితే సగానికి సగం తగ్గుతాయి, అరకిలో తెస్తే చివర కూర్చున్నవాళ్ళకి ఉండదు. ఐదు వేపుళ్ళకి మూడుముప్పావు కిలోలు. మూడు పప్పుల్లో ఆకుకూర, ఒక్కోదానికి రెండు మూడు కట్టలు. రెండు పప్పుల్లో దోసకాయో, సొరకాయో, బీరకాయో, నాలుగేసి వందల గ్రాములు. పులుసులకి కిలో, పచ్చడికి అరకిలో. ఉల్లి రెండు కిలోలు, టమాటా కిలోన్నర, పచ్చిమిర్చి పావుకిలో. ఆకుకూరతో కలిపి పదకొండు కిలోల చిల్లర వస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ చెప్పే మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయల లెక్క కూడా నలుగురికి వారానికి 11.2 కిలోలే. వాళ్ళ లెక్క తొక్కా తొడిమా తీశాక కాబట్టి మనది కాస్త వెనకే ఉంటుంది, కానీ దగ్గరగా ఉంది. పదకొండు కిలోలకి ఆరొందలంటే సగటున కిలో 55 లోపు. కాకరకాయ 80 అయినా ఫరవాలేదు, దోసకాయ 30 ఉంటుంది కదా. సగటు చూసుకోండి, ఒక్కో కాయ ధరతో పోట్లాడకండి.

సంతలో, అంగట్లో డబ్బు పోయేది “పావు” దగ్గర. హైదరాబాద్‌లో బండి దగ్గర అడిగితే “పావు ఇరవై” అంటారు, కిలో ధర చెప్పరు. అడిగితే కిలో 60, అరకిలో 35 అని తేలుతుంది. మన వేపుడుకి కావలసింది ముప్పావు. మూడు పావులు అని తూయించుకుంటే 60. అదే 60కి కిలో వస్తుంది! అరకిలో ఒకటి, పావు ఒకటి అంటే 55. అందుకే ముందు కిలో ధర అడగాలి, తరవాత ఎంత కావాలో చెప్పాలి. రెండు వేపుళ్ళకి ఒకే కాయ వాడితే కిలోన్నర కిలో ధరకే అడగొచ్చు. బెండకాయ సోమవారం వేపుడు, బుధవారం కూర అయితే ఎవరూ గొడవ చేయరు.

ఆకుకూర కట్టల సంగతి ఇంకో రకం. వానాకాలంలో పదికి మూడు, ఎండాకాలంలో పదికి రెండు అనేది అందరికీ కనిపించే మార్పు. కనిపించనిది కట్ట సన్నబడటం. ఒకసారి ఇంట్లో మూడు పాలకూర కట్టలు తుంచి, కాడలు తీసి తూచండి. ఆ అంకె తెలిశాక పప్పుకి రెండు కట్టలు చాలా, నాలుగు కావాలా అనేది ఇక కట్ట పట్టుకుంటేనే తెలిసిపోతుంది. వంటింట్లో చిన్న ఎలక్ట్రానిక్ తూకం నాలుగైదు వందలకి దొరుకుతుంది. బడ్జెట్ యాప్‌లన్నిటికంటే అది మేలు.

రైతు బజార్లు 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, విశాఖలో ఎంవీపీ కాలనీ, ఇలా ఊరూరా ఉన్నాయి. గేటు దగ్గర ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది. అది ఫోటో తీసుకుంటే బయట బండి దగ్గర కూడా పనికొస్తుంది. అయితే రైతు బజారుకి వెళ్ళడమే పొదుపు అనే నమ్మకాన్ని కూడా లెక్కతో చూడాలి. కిలోకి సగటున పది రూపాయలు తగ్గినా పదకొండు కిలోలకి 110. రానూపోనూ ఆటోకి 120 అయితే పది రూపాయలు నష్టం, ఒక పూట పోయినట్టు. నడిచో, బస్సులోనో, పక్కింటివాళ్ళతో కలిసో వెళ్ళేవాళ్ళకి మాత్రమే అది చౌక. మిగతావాళ్ళకి వీధి చివర వారపు సంత మేలు, ముఖ్యంగా రాత్రి ఎనిమిది తరవాత. కాకపోతే ఆ వేళకి ఆకుకూర వాడి ఉంటుంది, చివరి కుప్పలో మెత్తబడ్డ టమాటాలు ఉంటాయి. రాత్రి సంతలో దుంపలు, దోసకాయ, క్యాబేజీ లాంటి గట్టి సరుకే కొనాలి.

తెచ్చాక ఏ వరసలో వండాలన్నది ధర కంటే పెద్ద విషయం. ఆకుకూర మొదటి రెండు రోజులు. బెండ, బీర, వంకాయ నాలుగో రోజు లోపు. దొండ, చిక్కుడు, గోరుచిక్కుడు ఐదో రోజు దాకా. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్ వారం చివరికి. దోసకాయ, గుమ్మడి, కంద, చేమ బయట బుట్టలోనే ఉంటాయి, వాటికి ఫ్రిజ్ చోటు ఎందుకు? ఆదివారం సంత చేసి, సోమవారం తేలిక అని క్యాబేజీ వండి, తోటకూరని శుక్రవారానికి ఉంచితే తప్పు తోటకూరది కాదు.

బెండకాయ కడిగి పెడితే జిగురు పడుతుంది, తడి లేకుండా గుడ్డలో చుట్టాలి. కొత్తిమీరకి వేళ్ళు కోసి, పసుపు పడ్డ ఆకులు ఏరి, కాగితంలో చుట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెడితే వారం దాటుతుంది. ప్లాస్టిక్ కవర్లో ముడి వేసి పడేస్తే లోపల చెమట పట్టి మూడో రోజుకే మొదట చెప్పిన జిగురుముద్ద. ఉల్లి, బంగాళాదుంప ఒకే బుట్టలో వద్దు, ఒకదాని తేమకి ఇంకోటి పాడవుతుంది. ఖరీఫ్ ఉల్లిలో నీరు ఎక్కువ, కర్నూలు ఉల్లి పొర పలచన. చౌకగా వచ్చిందని పది కిలోలు తేవొద్దు. దాచుకునే ఉల్లి వేసవిలో వచ్చే రబీ పంటది.

వారానికి ఒక్కసారే కొనాలన్న నియమం పుస్తకాల్లో బాగుంటుంది. ఆకుకూర తినే తెలుగిల్లు ఆ నియమం పాటిస్తే ఆకుకూర మానేయాల్సిందే. అందుకని 1,500ని రెండుగా విడగొట్టండి. ఆదివారం 1,200, బుధవారమో గురువారమో 300. రెండో రోజు ఆకుకూర, అరటిపళ్ళు, పచ్చిమిర్చి, అంతే. మూడోసారి అడుగు బయట పెడితే బడ్జెట్‌లో చిల్లు పడ్డట్టే. ఆ మూడో ప్రయాణం ఇప్పుడు ఫోన్‌లోనే జరుగుతోంది. కొత్తిమీర కోసం యాప్ తెరుస్తాం. డెలివరీ చార్జీ పోవాలంటే ఇంకో ఎనభై రూపాయల సరుకు వేయమంటుంది. ఒక చిప్స్ ప్యాకెట్, ఒక చాక్లెట్ వేస్తాం. హ్యాండ్లింగ్ ఫీజు అయినా ఉంటుంది. పది రూపాయల కొత్తిమీరకి నూట ఇరవై. యాప్‌లు దుబారా అని తిట్టడం నా ఉద్దేశం కాదు, నెల సరుకుకి అక్కడ ఒక్కోసారి మంచి ధరే ఉంటుంది. కొత్తిమీరకి తెరవకండి, అంతే. కొత్తిమీర లేకపోతే చారు ఆగదు.

టమాటా 2023 జులైలో కిలో 150 దాటింది. మదనపల్లె లాంటి పెద్ద మార్కెట్ మన దగ్గరే ఉన్నా ఆ నెల కొనేవాళ్ళకి లాభం లేకపోయింది. ఎండకి వేసవి పంట దెబ్బతిని, కొత్త పంట ఇంకా రాని మధ్య కాలంలో ఇలా అవుతుంది, మళ్ళీ అవుతుంది కూడా. అప్పుడు చాలామంది వారం బడ్జెట్ పెంచుతారు. పెంచకండి. టమాటా మనకి కూర కాదు, ఎక్కువసార్లు పులుపు. పులుపు ఖాతాలో చింతపండు జాడీలో ఉంది, గోంగూర కట్టల్లో ఉంది, వేసవిలో మామిడికాయ, ఆ తరవాత చింతచిగురు, చలికాలం ఉసిరి, ఎప్పుడూ నిమ్మకాయ. టమాటా రాకముందు మన పప్పులన్నీ వీటితోనే ఉడికాయి. ఏడాది సరుకుని వారం సరుకు నుంచి విడగొట్టమన్నది ఇందుకు కూడా. జాడీలో చింతపండు ఉన్న ఇంటికి టమాటా ధర ఒక వార్త మాత్రమే.

చికెన్ బోర్డు మీద మూడు ధరలుంటాయి: లైవ్, విత్ స్కిన్, స్కిన్‌లెస్. రెండు కిలోల కోడి స్కిన్‌లెస్ చేస్తే సుమారు కిలో మూడొందల గ్రాములు. కాబట్టి లైవ్ ధరని ఒకటిన్నరతో గుణిస్తే స్కిన్‌లెస్ ధర దగ్గరికి రావాలి. మరీ దూరంగా ఉంటే పక్క దుకాణం చూడండి.

డబ్బు చాలనప్పుడు మొదట కత్తెర పడేది పళ్ళ మీద, గుడ్ల మీద. ఇది నాకు అసలు మింగుడుపడని అలవాటు. 2023-24 కేంద్ర వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల ఇళ్ళు చేసే మొత్తం ఖర్చులో తిండి వాటా 39.68 శాతం. ఆ మొత్తం ఖర్చులోనే పానీయాలు, చిరుతిళ్ళు, తయారు చేసిన తిండి వాటా 11.09 శాతం. పాల కంటే, కూరగాయల కంటే, పళ్ళ కంటే ఎక్కువ. కత్తెర వేయాల్సింది ఏదో అంకెలే చెబుతున్నాయి. చిరుతిండిని వారం సంచిలో కలపకండి, నెల సరుకులోనూ వద్దు, విడిగా ఒక డబ్బు పెట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. చౌకయింది కదా అని రెండు ప్యాకెట్లు ఎక్కువ వేసుకుంటే తగ్గిన పన్ను తిరిగి దుకాణానికే వెళ్తుంది.

1,500ని ఎలా హద్దులో పెట్టాలి? మూడు ఐదొందల నోట్లు సంచిలో పెట్టడం ఇప్పటికీ అన్నిటికంటే బాగా పనిచేసే పద్ధతి. నోట్లు వాడనివాళ్ళకి యూపీఐ లైట్ ఉంది, అంటే ఫోన్‌లో ముందే డబ్బు వేసుకుని వాడే చిన్న పర్సు. 2024 డిసెంబరులో ఆర్‌బీఐ దాని పరిమితిని 5,000కీ, ఒక్కో చెల్లింపుని 1,000కీ పెంచింది. ఆదివారం పొద్దున 1,500 వేసి, కూరగాయలకి అందులోంచే కట్టాలి. డబ్బు తగ్గగానే దానంతటదే నింపే ఆటో టాప్-అప్ మాత్రం ఆపేయండి, లేకపోతే హద్దుకి అర్థం లేదు. ఖర్చు డైరీ రాయమని నేను చెప్పను. డైరీ జరిగిపోయింది రాస్తుంది, ఖాళీ అయిన పర్సు జరగబోయేది ఆపుతుంది.

ఇదంతా నెల జీతం వచ్చే ఇంటి లెక్క అని ఒక అభ్యంతరం. నిజమే. రోజు కూలీ మీద నడిచే ఇల్లు నూనె పావులీటరు ప్యాకెట్లలో కొనేది తెలియక కాదు, ఆ రోజు చేతిలో ఉన్నది అంతే కాబట్టి. వాళ్ళకి “బస్తా కొనండి” అని చెప్పడం దండగ. కానీ ఒక వెసులుబాటు ఉంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురికి 24 కిలోలు. పైన వేసిన లెక్క ప్రకారం రోజుకి 720 గ్రాములంటే నెలకి 21.6 కిలోలు, అంటే బియ్యం ఖర్చు తీరిపోయినట్టే. అలా మిగిలిన డబ్బులో మొదటి వంద రూపాయలు పెద్ద నూనె ప్యాకెట్ వైపు పోవాలి. చిన్న ప్యాకెట్‌కీ లీటరుకీ ధర తేడా రోజూ వాడే ఇలాంటి సరుకు దగ్గరే గట్టిగా తగులుతుంది. రెండోది పప్పు.

శనివారం రాత్రి రెండు పనులు. చేతిలో పెట్టిన 150లో ఎంత మిగిలినా వచ్చే వారానికి కలపొద్దు, ఏడాది సరుకు డబ్బులో వేయండి. ఫిబ్రవరిలో చింతపండు అక్కడి నుంచే వస్తుంది. రెండోది, ఫ్రిజ్ అడుగు అర బయటికి లాగి పారేయాల్సినవి ఏరి, వాటి పేర్లు ఫ్రిజ్ తలుపు మీద కాగితం మీద రాయండి. ధర కూడా పక్కన: సగం క్యాబేజీ 15, వంకాయలు 20, సొరకాయ ముక్క 10. వరసగా మూడు వారాలు సొరకాయ పేరే వస్తే ఆ ఇంట్లో సొరకాయ ఎవరూ తినరు. కొనడం మానేయండి.